పంపు గ్లాండ్ బిగించినందుకు మెమో ఇచ్చారు, అసలు అప్రెంటిస్ అంటే ఏటి?

గుణుపురం_గుంటడు
బీటెక్ మెకానికల్ అయ్యాక ఎనిమిది నెలలు ఇంట్లో కూచుని, నాట్స్ పోర్టల్లో (కేంద్రం అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైటు) పడీ పడీ చివరికి గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా జాయినయ్యాను. ఇది ఐదో నెల. ఫ్యాక్టరీ పేరూ ఊరూ రాయను, మనోళ్లు ఇట్టే పట్టేస్తారు. ఒడిశాలోనే, రైలెక్కితే ఇంటికి పోయేంత దూరం. మొదటి మూడు నెలలూ నా చేత చేయించిందేటంటే గేట్ పాసులు రాయడం, ఎక్సెల్‌లో బ్రేక్‌డౌన్లు ఎక్కించడం, సారుకి జిరాక్సులు. నాలుగో నెల్లో మెయింటెనెన్స్‌కి పంపిస్తే సంబరపడిపోయాను.

మొన్న సీ షిఫ్టులో (రాత్రి డ్యూటీ) కూలింగ్ వాటర్ పంపు గ్లాండ్ దగ్గర, అంటే తిరిగే షాఫ్ట్ చుట్టూ ప్యాకింగ్‌ని నొక్కి పట్టే బిగింపు దగ్గర, నీళ్లు కారుతున్నాయి. ఫిట్టర్ టీకి ఎల్లాడు. షిఫ్ట్ ఇంజినీర్‌కి ఫోన్ చేస్తే "కారితే బిగించీ, దానికీ నన్నడగాలా" అన్నాడు. బిగించీసాను. రెండు నట్లూ, ఒక్క చుక్క రాకుండా. నాకే ముచ్చటేసింది. అరగంట తిరక్కుండా మాడు వాసన, తర్వాత పొగ. పంపు ఆపీసి స్టాండ్‌బై ఎక్కించారు, విప్పి చూస్తే స్లీవ్ (షాఫ్ట్ తొడుగు) మీద గాట్లు పడిపోయున్నాయి. పొద్దున్న నా పేర మెమో, "అప్రెంటిస్ నిర్లక్ష్యం వలన" అని. లాగ్ బుక్కులో ఆ ఫోన్ సంగతి ఒక్క ముక్క లేదు. ఇంటికి ఫోన్ చేస్తే మా నాన్న పెర్మనెంట్ ఎప్పుడవుద్దిరా అంటాడు. మానీసి జేఈకో (జూనియర్ ఇంజినీర్ పరీక్ష) రైల్వేకో చదువుకోవాలా, ఉండాలా? చెప్పండి.

బరంపురం_బుల్లోడు
మానీ. నెలకి తొమ్మిది వేల స్టైపెండ్‌కి మెమోలు కూడానా.

ఇచ్ఛాపురం_ఇంజిన్
మెమో వచ్చిందంటే నిన్ను మనిషిగా గుర్తించారన్నమాట. నాకు ఏడాదిలో ఒక్క కాగితం రాలేదు, నేనున్నట్టే తెలీదు వాళ్లకి.

సీఎన్‌సీ_చెల్లి
జిరాక్సుల దగ్గర మాత్రం అచ్చం నా కథే. నేను జాయినయినప్పుడు "అమ్మాయివి కదా, ఏసీలో కూచో" అని క్యూఏ (నాణ్యత తనిఖీ) ఆఫీసులో పడేశారు. రెండు నెలలు ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల మీద స్టాంపు కొట్టాను, ఆ స్టాంపు దేనికో ఎవరూ చెప్పలేదు. తర్వాత లంచ్ టైములో మెషిన్ షాపుకి పోయి ఒక ఆపరేటర్ అన్న పక్కన నిలబడ్డం మొదలెట్టాను. ఆయన ఐటీఐ, నేను బీటెక్, కానీ టూల్ అరిగితే ఆఫ్‌సెట్‌లో (మెషిన్‌కి ఇచ్చే కొలత సవరణ) ఎంత దించాలో ఆయన చిప్ (కోసిన లోహపు ముక్క) రంగు చూసి చెప్పేవాడు, నేను మైక్రోమీటర్ పెట్టి చూస్తే ఆయన చెప్పిందే వచ్చేది. ఆరో నెలకి నాకు మెషిన్ ఇచ్చారు. ఇచ్చారంటే ఎవరో సెలవు పెట్టారు, మనిషి లేడు, ఇచ్చారు.

సెక్షన్_బాబాయ్
గుంటడూ, నువ్వు ఉద్యోగివి కాదు. అప్రెంటిస్ చట్టం 1961, 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ ట్రైనీ, వర్కర్ కాదు. నువ్వు నేర్చుకోడానికి వచ్చావు, నీకు నేర్పడం వాళ్ల బాధ్యత. నేర్పేవాడు పక్కన లేకుండా సీ షిఫ్టులో పంపు మీదకి తోలి, పాడయితే నిర్లక్ష్యం అని రాస్తే అది నీ నిర్లక్ష్యమా వాళ్లదా? మెమోకి జవాబు రాయి. తేదీ, టైము, ఫోన్ ఎన్ని గంటలకి చేశావు, ఫోన్‌లో కాల్ లిస్టు తీసి ఉంచు. ఎవరి పర్యవేక్షణలో ఉన్నానో తెలియజేయగలరు అని ఒక్క వాక్యం చివర్లో పెట్టు, చాలు.

రాయగడ_రాత్రిపాలి
పైన బాబాయ్ చెప్పింది కాగితం మీద బానే ఉంది. నేనూ షిఫ్ట్ ఇంజినీర్నే (వేరే కంపెనీ, కంగారు పడకండి). సీ షిఫ్ట్ అంటే ఒక ఇంజినీరు, నాలుగు సెక్షన్లు, ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అప్రెంటిస్ ఫోన్ చేసి గ్లాండ్ కారుతోందంటే ఎవడైనా బిగించమనే అంటాడు. ఎంత బిగించాలో బీటెక్ చదివినవాడికి తెలియాలి కదా. జవాబులు గివాబులు రాస్తే మిగిలిన ఏడు నెలలూ నరకం, సర్టిఫికెట్ దగ్గర తిప్పుతారు. సారీ సార్ అనీసి పని చూసుకో.

సీఎన్‌సీ_చెల్లి
@రాయగడ_రాత్రిపాలి ఏ బీటెక్ సిలబస్‌లో ఉందండీ గ్లాండ్ ఎంత బిగించాలో? మాకు పంపు అంటే బోర్డు మీద వెలాసిటీ ట్రయాంగిల్.

సిరొంచ_సీనన్న
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, నేను చంద్రపూర్ దిక్కు అప్రెంటిస్ జేసిన. గీ తొమ్మిది వేల లెక్క చెప్త ఇను తమ్మీ. రూము ముగ్గురం ఉంటే తలా రెండు వేలు, మెస్సు మూడు వేల రెండొందలు, ఇంటికి పోయొచ్చే బస్సు కిరాయి, ఫోను, సబ్బు. నెలాఖరుకు మిగిలేది ఇంట్ల ఇస్తే అమ్మ నవ్వేది, నువ్వే ఉంచుకో బిడ్డ అని. పైన ముచ్చట ఏందంటే మాతోని పన్నెండు గంటలు పని చేయించిన్రు. ఓటీ (ఓవర్‌టైమ్ పైసలు) ఏది సార్ అంటే అప్రెంటిస్‌కు ఓటీ ఉండదు అన్నరు. ఉండదన్న ముచ్చట నిజమే, కని ఓటీ పైస లేకపోతే ఓటీ పని కూడా ఉండొద్దు గద!

సెక్షన్_బాబాయ్
సీనన్నా, 15వ సెక్షన్ అదే చెప్తుంది. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ చట్టం అమలు చూసే సర్కారు అధికారి) అనుమతి లేకుండా అప్రెంటిస్ చేత ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఆ అనుమతి కూడా ట్రైనింగ్‌కి మేలనో ప్రజాప్రయోజనం అనో తేలితేనే ఇవ్వాలి. తొమ్మిది వేలు అన్నది 2019లో మార్చిన రూల్స్‌లో డిగ్రీ వాళ్లకి పెట్టిన కనీసం, డిప్లొమాకి ఎనిమిది. అందులో సగం, అంటే 4500 దాకా, కేంద్రం భరిస్తుంది.

బరంపురం_బుల్లోడు
అంటే కంపెనీకి బీటెక్ కుర్రాడు నెలకి 4500కి వస్తున్నాడా? మా వీధిలో ఇస్త్రీ బండాయన అంతకంటే ఎక్కువ సంపాదిస్తాడు.

సెక్షన్_బాబాయ్
2025 మేలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ 36 శాతం పెంచమని సిఫారసు చేసింది. 5000-9000 ఉన్నది 6800-12300 చేయమని.

సిరొంచ_సీనన్న
సిఫారసును మెస్సోనికి ఇస్తే అన్నం పెడ్తడా బాబాయ్.

ఇచ్ఛాపురం_ఇంజిన్
స్టైపెండ్ గొడవ పక్కన పెట్టండి, మొదటి వారం మిమ్మల్ని స్టోర్స్‌కి పంపలేదా ఎవరూ? నన్ను "స్పిరిట్ లెవెల్లో స్పిరిట్ అయిపోయింది, ఒక అర లీటరు పట్టుకురా" అని పంపారు. స్టోర్ కీపరు నిమ్మళంగా ఇండెంట్ ఫారం ఇచ్చి నింపమన్నాడు, హెచ్‌ఓడీ సంతకం కావాలన్నాడు. హెచ్‌ఓడీ దగ్గరికి కూడా ఎల్లాను. ఆయన సంతకం పెట్టీసాడు! ఆ ఫారం ఇప్పటికీ మా సెక్షన్ అల్మారాలో ఉంటుంది.

ఇంకోటి. నాకు ఒడియా రాదు, గంజాం జిల్లాలో పని. హెల్పర్ ముసలాయన "పాణి టికె దియొ" అన్నాడు. నేను పానా అనుకుని ముప్ఫై-ముప్ఫై రెండు పానా తీసి చేతిలో పెట్టాను. ఆయనకి దాహం వేసింది పాపం.

గుణుపురం_గుంటడు
హహ. మాకా బాధ లేదు, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, షాపులో హిందీ. సేఫ్టీ మాట్లాడితే ఒడియాలో, తిడితే మాత్రం మూడింట్లోనూ తిడతారు, అన్నీ అర్థమయిపోవడమే నా ఖర్మ.

పాత_పానా
కొత్తగా చేరాను ఈ వేదికలో, మా మనవడు పెట్టిచ్చాడు. మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. గుంటడా, ఒక్కటడుగుతాను. బిగించే ముందు ఎంత కారుతోంది? ధారా, చుక్కలా?

గుణుపురం_గుంటడు
చుక్కలే మావయ్యా. గబగబా పడుతున్నాయి. కింద చిన్న మడుగు కట్టింది, అందుకే కంగారు పడ్డాను.

పాత_పానా
అయితే ఆ పంపుకి ఏ జబ్బూ లేదు. గ్లాండ్ ప్యాకింగ్ పంపన్నాక చుక్క కారాలి. ఆ నీళ్లే ప్యాకింగ్‌కి చలవ, ఆ నీళ్లే దానికి నూనె. లోపల స్లీవ్ నిమిషానికి 1450 చుట్లు తిరుగుతుంటే దాన్ని పట్టుకుని కూచున్న ప్యాకింగ్ తాడుకి తడి ఆగిపోతే ఏటవుద్ది, మాడిపోద్ది. నువ్వు చేసింది ఉడుకుతున్న గిన్నెకి మూత పెట్టి మూత మీద నువ్వు కూచోడం. అరగంట ఆగిందంటే మంచి ప్యాకింగే వేశారు. ఆ టైములో మోటారు ఆంపియర్లు చూసుంటే ముల్లు పైకి పోయుండేది, అది ముందే చెప్తుంది, వాసన తర్వాత.

ఇప్పుడెలాగూ స్లీవ్ మారుస్తారు, అప్పుడు నువ్వక్కడుండు. డ్యూటీ వేయకపోయినా ఉండు. పాత ప్యాకింగ్ హుక్కుతో లాగినప్పుడు ఎన్ని రింగులొచ్చాయో లెక్కపెట్టు, మధ్యలో లాంటెర్న్ రింగు (ప్యాకింగ్‌కి నీళ్లు పంచే కన్నాల రింగు) ఎన్నో రింగు తర్వాత వచ్చిందో రాసుకో, సగం మంది దాన్ని తప్పు చోట పెట్టీసి నీళ్ల కన్నానికి ఎదురు రాకుండా చేస్తారు. కొత్త తాడు చుట్టలా చుట్టీసి దోపకూడదు, ఒక్కో రింగూ విడిగా కొయ్యాలి, స్లీవ్ సైజే ఉన్న పైపు ముక్క మీద చుట్టి ఏటవాలుగా కొయ్యాలి. మొదటి రింగు అతుకు పైకి పెడితే రెండోది పక్కకి, మూడోది కిందకి, అలా తిప్పుకుంటూ పోవాలి, అతుకులన్నీ ఒకే వరసలో ఉంటే నీళ్లకి దారి వేసిచ్చినట్టే. తర్వాత నట్లు చేత్తో బిగించి పంపు నడపాలి. బాగా కారుద్ది, కంగారు పడకు, కారనీ. పది పదిహేను నిమిషాలయ్యాక రెండు నట్లూ సమానంగా ఒక్క పలక తిప్పు, ఆరు పలకల్లో ఒక్కటి. ఆగు. మళ్లీ ఒకటి. నీ టీ చల్లారిపోవాలి ఆ పనిలో.

నేను చేరిన కొత్తలో మా మేస్త్రీ నన్ను పంపు ముందర స్టూలేసి కూచోబెట్టి ఆయన చేతి గడియారం ఇచ్చి చుక్కలు లెక్కపెట్టమన్నాడు. నిమిషానికి నలభై యాభై అయితే వచ్చి చెప్పు, అంతదాకా లేవకు అన్నాడు. ఉక్రోషం వచ్చింది, పెద్ద చదువు చదివినట్టు. మర్నాడు వేరే పంపు దగ్గర గడియారం అక్కర్లేకుండానే చెప్పగలిగాను.

సీఎన్‌సీ_చెల్లి
ఇది మా హెచ్‌ఆర్ చేసే నాలుగు రోజుల ఇండక్షన్ కంటే ఎక్కువ.

రాయగడ_రాత్రిపాలి
పాత పానా గారు చెప్పింది కరెక్టే, కాదనను. కానీ సీ షిఫ్టులో అంత తీరిక ఎవడికుంది?

పాత_పానా
తీరిక లేక చుక్క ఆపారు, పంపే ఆగింది. సరే గానీ నాయనా, నీకు ఆ ఫోన్ వస్తే నువ్వేటని చెప్పుండేవాడివి? నిజం చెప్పు.

రాయగడ_రాత్రిపాలి
నిజం చెప్పాలంటే బిగించమనే వాణ్ణి. నేనూ గ్లాండ్ కారకూడదనే అనుకునేవాణ్ణి మొదటి రెండేళ్లు, మెకానికల్ సీల్ (ప్యాకింగ్ తాడు లేని రకం) పంపుల మీద ఉండేవాణ్ణి కదా, అవి కారకూడదు.

ఇచ్ఛాపురం_ఇంజిన్
ఇదీ కథ. ఇంజినీరుకి తెలీదు, అప్రెంటిస్‌కి తెలీదు, తెలిసినోడు టీకి ఎల్లాడు.

బరంపురం_బుల్లోడు
అందుకే మానీమంటున్నాను. చుక్కలు లెక్కపెట్టి ఏం సాధిస్తాడు? ఏడాది అయ్యాక టాటా చెప్పీస్తారు. మా బ్యాచ్‌లో పద్దెనిమిది మందిలో ఇద్దర్ని ఉంచారు, ఆ ఇద్దరూ కాంట్రాక్టు మీదే.

సెక్షన్_బాబాయ్
అది నిజం. 22వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్‌ని తీసుకోవాలన్న నిర్బంధం కంపెనీకి లేదు, 2014 సవరణ తర్వాత కంపెనీ తన రిక్రూట్‌మెంట్ పాలసీ తను పెట్టుకోవాలి అంతే. గుంటడి నాన్నగారికి అది ముందే చెప్పడం మంచిది. కానీ మధ్యలో మానేస్తే చేతికి ఏమీ రాదు. పూర్తి చేస్తే అప్రెంటిస్ ట్రైనింగ్ బోర్డు సర్టిఫికెట్ వస్తుంది, మన ఒడిశా యూనిట్లకి కలకత్తా బోర్డు, సీనన్న వైపు ముంబై, శ్రీకాకుళం వైపు చెన్నై. మానాలనుకుంటే చెప్పాపెట్టకుండా పోవద్దు, కాంట్రాక్టు రద్దుకి అడ్వైజర్‌కి రాయాలి. ఇంకోటి, పాసయ్యాక ఏడాది ట్రైనింగో అనుభవమో ఉన్నవాళ్లని మళ్లీ గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా తీసుకోరు. ఇది ఒక్కసారి వచ్చే బస్సే.

కొరాపుట్_కాఫీ
చట్టం మాట వచ్చింది గనక నా సంగతి. చైన్ గార్డ్ లేని కన్వేయర్ దగ్గర నా చూపుడు వేలు చివర పోయింది, సగం గోరు లేదు ఇప్పటికీ. ఎనిమిదో నెల. హాస్పిటల్ బిల్లు కట్టారు, తర్వాత "నువ్వు అప్రెంటిస్‌వి, పరిహారం రాదు" అన్నారు. నమ్మాను. ఏడాది తర్వాత ఒక పెద్దాయన చెప్పాడు వస్తుందని. అప్పటికి నా దగ్గర ఒక్క కాగితం లేదు, యాక్సిడెంట్ రిపోర్టు కాపీ కూడా అడగలేదు. గుంటడూ, పంపు కాలితే కొత్తది వస్తుంది. ఏ మెషిన్ దగ్గరికి పంపినా గార్డు ఉందో లేదో, కరెంటు ఆపి తాళం వేశారో లేదో చూసుకుని చెయ్యి పెట్టు.

సెక్షన్_బాబాయ్
16వ సెక్షన్. దెబ్బ తగిలితే పరిహారం యజమానే ఇవ్వాలి. 14వ సెక్షన్ ప్రకారం భద్రత విషయంలో అప్రెంటిస్‌కీ వర్కర్‌కీ తేడా లేదు. నీకు అలా చెప్పినవాళ్లకి ఈ సంగతి తెలియకపోదు.

సిరొంచ_సీనన్న
గా ముచ్చట చదివి మనసు పాడైంది కాఫీ అన్న. ఇప్పుడు ఏం జేస్తున్నవ్?

కొరాపుట్_కాఫీ
సేఫ్టీ డిప్లొమా చేశాను. గార్డులు లేని చోట్ల పని ఆపించడమే ఇప్పుడు నా ఉద్యోగం. ప్రొడక్షన్ వాళ్లు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు, నాకదే జీతం కంటే ఎక్కువ.

ఇచ్ఛాపురం_ఇంజిన్
మా మేనత్త కొడుకు ఇంగ్లండులో డిగ్రీ అప్రెంటిస్. అక్కడ 2015 నుంచి ఉందంట ఈ పద్ధతి. ముందు కంపెనీలో చేరతాడు, జీతం తీసుకుంటాడు, దాంతోపాటే యూనివర్సిటీ డిగ్రీ, ఫీజు కుర్రాడు కట్టక్కర్లేదు. వాడు వారంలో ఒక రోజు కాలేజీ, మిగతా రోజులు షాపులో. మనకి రివర్సు. నాన్న పొలం అమ్మి ఫీజు కడితే డిగ్రీ వచ్చాక అప్రెంటిస్.

బరంపురం_బుల్లోడు
వాడికి మెమోలు ఇస్తారా అక్కడ?

ఇచ్ఛాపురం_ఇంజిన్
అడిగాను. నువ్వు తప్పు చేస్తే నీకు నేర్పేవాణ్ణి ముందు పిలుస్తారంట. అబద్ధమేమో, వాడు కొంచెం గొప్పలు చెప్తాడు.

సీఎన్‌సీ_చెల్లి
గుంటడు అన్నా, ఏం చేశావు చివరికి? మాయమయిపోయావు.

గుణుపురం_గుంటడు
(పన్నెండు రోజుల తర్వాత) సారీ అందరికీ, ఫోన్ చూసే టైము దొరకలేదు. మెమోకి జవాబు రాశాను, బాబాయ్ చెప్పినట్టు టైముతో సహా, కానీ కోపంగా కాకుండా. చివరి వాక్యం మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాను, ఆఖరికి ఉంచీసాను. హెచ్‌ఆర్ తీసుకుని అక్నాలెడ్జ్ సంతకం పెట్టనన్నాడు, మెయిల్ కూడా పంపీసాను.

స్లీవ్ మార్చిన రోజు నా డ్యూటీ కాదు, అయినా ఎల్లాను. ఆ టీకి ఎల్లిన ఫిట్టరే ఉన్నాడు, ఒడియా ఆయన, నన్ను చూసి ముందు మొహం ముడుచుకున్నాడు. మావయ్య చెప్పిన లాంటెర్న్ రింగు సంగతి అడిగాను, పాతది రెండు రింగుల తర్వాత రావాల్సింది మూడు తర్వాత ఉందని తనే చూపించాడు. ఎవడు పెట్టాడో అని నవ్వాడు, తనే పెట్టుంటాడు. తర్వాత కత్తి నా చేతికిచ్చాడు. మొదటి రెండు రింగులు పాడుచేశాను, పొట్టిగా కోసీసాను. మిగతావి సరిగ్గా వచ్చాయి.

పంపు నడిపాక స్టూలు లేదు, తిరగేసిన గ్రీజు డబ్బా మీద కూచున్నాను. ఒక్కో పలక. గంటన్నర పట్టింది. నిమిషానికి 46.

పాత_పానా
చేత్తో ముట్టి చూశావా గ్లాండ్?

గుణుపురం_గుంటడు
చూశాను మావయ్యా. షాఫ్ట్‌కి దూరంగా, స్టఫింగ్ బాక్స్ (ప్యాకింగ్ కూచునే గది) మీద. చల్లగానే ఉంది.

రాయగడ_రాత్రిపాలి
మా ప్లాంటులో గ్లాండ్ పంపులన్నిటి దగ్గరా "చుక్క కారాలి, బిగించకు" అని ఒడియాలోనూ హిందీలోనూ రాయించాను నిన్న. తెలుగులో కూడా రాయించమన్నారు మనోళ్లు.

బరంపురం_బుల్లోడు
మెమో మాటేటి మరి? వెనక్కి తీసుకున్నారా?

గుణుపురం_గుంటడు
లేదు. ఫైల్లోనే ఉంది. జవాబు కూడా దాని వెనకే పిన్ను కొట్టి ఉందంట, స్టోర్ కీపరు చూశాడు. నాన్నకి 22వ సెక్షన్ చెప్పాను, పెర్మనెంట్ గ్యారంటీ లేదని. కాసేపు మాట్లాడలేదు, తర్వాత మన బోరు మోటారు కూడా కారుతోంది, ఈసారి వచ్చినప్పుడు చూడు అన్నాడు.

పాత_పానా
బోరుకి గ్లాండుండదు నాయనా, అది పైపు అతుకయ్యుంటుంది. టెఫ్లాన్ టేపు పట్టుకెళ్లు.